పేరు చెరిగిన ఫైలు

“ఆయన్ని నువ్వు చంపావా?”

“లేదు మేడం.”

“నిన్న పొద్దున ఆఫీసులో అందరి ముందూ ఆయనతో గొడవ పడ్డావా?”

“పడ్డాను.”

“ఏమన్నావు?”

పోలీసు స్టేషన్లో బల్లకి అవతల కూర్చున్న అమ్మాయి తన చేతులకేసి చూసుకుంది. “ఇక మీ మొహం చూడను అన్నాను” అంది. “చూడలేదు కూడా.”

డిటెక్టివ్ వెంటనే ఇంకో ప్రశ్న వేయలేదు. ఒక జవాబు పూర్తిగా దిగేదాకా ఆగడం ఆవిడ అలవాటు. పోలీసు శాఖలో ఉన్నప్పుడు తోటివాళ్లు ఆవిడకి నత్త అని పేరు పెట్టారు. శాఖ వదిలి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టినా ఆ పేరు మాత్రం ఆవిడని వదల్లేదు.

జరిగింది ఆవిడకి తెలుసు. ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో సీనియర్ ఇంజినీరు నిన్న సాయంత్రం సర్వర్ రూములో చనిపోయాడు. ఆ గదిలో మంటలు లేస్తే ఆర్పడానికి పైకప్పులో గ్యాసు గొట్టాలున్నాయి. ఆ గ్యాసు నిండితే లోపలున్న మనిషికి ఊపిరాడదు. గ్యాసు వదిలే లివరు గది బయట, వరండా గోడకి ఉంది. మంటలేమీ లేకుండానే ఎవరో ఆ లివరు లాగారు. లోపలున్న మనిషి తలుపు దగ్గరికి పరిగెత్తాడు. ఆ తలుపుకి తాళంచెవి ఉండదు, కంప్యూటరు తెరవమంటేనే తెరుచుకుంటుంది. ఆ తలుపును చూసుకునే ప్రోగ్రామును అంతకు కొద్దిసేపటి ముందే ఎవరో ఆపేశారు. తర్వాత వరండా కెమెరా రికార్డింగును చెరిపేశారు. రెండు పనులూ ఈ అమ్మాయి లాగిన్ పేరుతోనే జరిగాయి. ఈ అమ్మాయి ఆయన కింద పనిచేసే జూనియర్. రేపు కోర్టుకి తీసుకెళతారు.

“నన్ను పంపింది ఎవరో చెప్పారా?”

“పిన్ని” అంది అమ్మాయి. చనిపోయినాయన భార్యని అలా పిలుస్తుంది. వాళ్ల ఇంటి పైగదిలోనే అద్దెకుంటోంది. “నేను చంపానని పిన్ని అనుకోవట్లేదా?”

“ఆవిడ నాతో ఎక్కువ మాట్లాడలేదు. ‘ఆ పిల్ల పొద్దుట్నుంచీ ఏమీ తిని ఉండదు, ముందు అది అడగండి’ అన్నారు.”

అమ్మాయి మొహం గోడవైపు తిప్పుకుంది. “మా సిస్టమ్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామునీ ప్రాసెస్ అంటాం మేడం” అంది. “ఒకటి ఇంకోదాన్ని పుట్టిస్తుంది. తల్లి ముందు పోతే పిల్ల అనాథ. అప్పుడు అన్నిటికంటే ముందు పుట్టిన ప్రాసెస్ దాన్ని తన పిల్లగా తీసుకుంటుంది. సార్ ఈ పాఠం చెప్పిన రోజు ఇంటికెళ్లి పిన్నికి కూడా చెప్పారు. ఆ రోజు నుంచే నన్ను కిందకి భోజనానికి పిలవడం మొదలుపెట్టారు.”

డిటెక్టివ్ తల ఊపింది. “గొడవ దేనికి?”

“నాకున్న రూట్ అధికారం తీసేశారు.”

“నాకు అర్థమయ్యేలా చెప్పు.”

“మా కంప్యూటర్లు నడిచేది లైనక్సు మీద మేడం. అందులో ఎవరి ఖాతా వాళ్లది. నా ఖాతాతో నా ఫైళ్లు తీయగలను, రాయగలను. మీవి ముట్టుకోలేను. రూట్ అనే ఖాతాకి ఈ అడ్డేమీ ఉండదు. ఏ ఫైలైనా మారుస్తుంది, ఏ ప్రోగ్రామైనా ఆపేస్తుంది. కొన్ని పనులకి నాక్కూడా ఆ అధికారం ఇచ్చారు. నిన్న పొద్దున వచ్చేసరికి లేదు. ఎందుకని అడిగితే, ‘ఆ బరువు నీకిప్పుడు వద్దమ్మా’ అన్నారు. నన్ను అనుమానిస్తున్నారనుకున్నాను.”

“అధికారం లేనిదానివి తలుపు ప్రోగ్రాము ఎలా ఆపావు?”

“అదే ఇన్‌స్పెక్టర్ గారికి నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. సాయంత్రం ఎవరో నా పేరుకి అధికారం మళ్లీ ఇచ్చారు. ఇవ్వగలిగేది రూట్ ఒక్కటే. రూట్‌గా లోపలికొచ్చినవాళ్లు పాస్‌వర్డు అడగకుండానే ఎవరిగానైనా మారిపోవచ్చు. నా చొక్కా తొడుక్కుని దొంగతనానికి వెళ్లినట్టు.”

“రూట్ పాస్‌వర్డు ఎవరికి తెలుసు?”

“సార్‌కి. ఇంకెవరికీ తెలియకూడదు. కానీ ఎవరికో తెలిసిందని ఆయన కనిపెట్టారు. ఆపరేషన్లో ఒకావిడ చనిపోయారు. ఆవిడకిచ్చిన మత్తుమందు మోతాదు రికార్డులో ముందు ఒకలా ఉంది, తర్వాత ఇంకోలా ఉంది. రూట్ తప్ప ఎవరూ దాన్ని మార్చలేరు. సార్‌కి నిద్ర పట్టట్లేదని పిన్ని అనేవారు.”

డిటెక్టివ్ కుర్చీ ముందుకు జరుపుకుంది.

“అంటే ఆ మార్చినవాళ్లని పట్టుకోబోతున్నాడు. పట్టుకునే ముందు, దాంట్లో నీ పేరు ఎక్కడా కలవకుండా నిన్ను పక్కకి తప్పించాడు. అనుమానించి కాదమ్మా.”

పొద్దుట్నుంచీ ఏడవని పిల్ల ఇప్పుడు కూడా ఏడవలేదు. బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుంది, అంతే.

గుమ్మంలో మహిళా కానిస్టేబులు గొంతు సవరించుకుంది. “మేడం, మా సారొస్తే నా ఉద్యోగం ఊడుతుంది.”

“వెళుతున్నా. నీ ఫోన్ నంబరివ్వు. ఈ పిల్లకి ఏదైనా పెట్టు.”

*

ఆసుపత్రి నేలమాళిగలో సర్వర్ రూముకి ఎదురుగానే కెమెరాల గది. గార్డు పగలంతా తెరల ముందే కూర్చుంటాడు కాబట్టి అతన్ని అందరూ మూడోకన్ను అంటారు. పిలవగా పిలవగా అసలు పేరు అతనే మర్చిపోయినట్టున్నాడు.

“నిన్న సాయంత్రం నువ్వెక్కడున్నావు మూడోకన్నూ?”

“పై అంతస్తులో మేడం. ఎవరిదో కారు అద్దం పగిలిందని ఫోనొస్తే పరిగెత్తాను. తీరా చూస్తే అద్దం పగల్లేదు, ఆ నంబరు కారే లేదు.”

“ఫోన్ చేసిందెవరు?”

“ఆసుపత్రి లోపలి నంబరే. గొంతు మగ గొంతు. అది కూడా చెప్పాను ఇన్‌స్పెక్టర్ గారికి. ‘ఆడపిల్లలు మగ గొంతుతో మాట్లాడలేరా’ అన్నారు.”

గదిలో మూడో మనిషి కంప్యూటర్ విభాగం అధికారి. అందరూ ఐటీ హెడ్ అంటారు. మడత నలగని తెల్లచొక్కా, మెత్తని మాట. డిటెక్టివ్ వచ్చిందని తెలియగానే తనే దిగివచ్చి కుర్చీ వేయించాడు.

“రూట్ పాస్‌వర్డు మీకు తెలుసాండీ?” అని డిటెక్టివ్ ఆయన్ని అడిగింది.

“నేను సంతకాలు పెట్టే మనిషినండీ. నేను నేర్చుకున్నది ఇళ్లల్లో, ఆఫీసుల్లో వాడే మామూలు కంప్యూటర్లు. ఈ లైనక్సు నల్లతెర చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. అదంతా ఆయనే చూసుకునేవాడు.” ఆయన తల వంచుకున్నాడు. “పదేళ్లు కలిసి పనిచేశామండీ.”

డిటెక్టివ్ వరండాలోకి వెళ్లి చూసింది. సర్వర్ రూము తలుపుకి మొహమంత అద్దం బిళ్ల ఉంది. దాని మీద లోపలివైపు నుంచి ఆనించిన అరచేతి గుర్తు ఇంకా ఉంది. పక్కనే గోడకి ఎర్రని లివరు. తలుపు ముందు నిలబడి చెయ్యి చాపితే లివరు అందుతుంది. అంటే లాగిన మనిషీ, లోపలి మనిషీ ఒకరి మొహం ఒకరు చూసుకునే ఉంటారు. పైన మూలలో కెమెరా ఉంది. అది సరిగ్గా ఇటే చూస్తోంది.

ఆవిడ తిరిగి వచ్చేసరికి మూడోకన్ను తెర మీద వేలితో కొడుతున్నాడు.

“పొద్దుట్నుంచీ ఇదే గోల మేడం. డిస్కు నిండింది, డిస్కు నిండింది అని ఎర్రగా వెలుగుతుంది. తెరిచి చూస్తే లోపల ఒక్క ఫైలూ లేదు.”

“చూపించు.”

చూపించాడు. రికార్డింగులు ఉండే ఫోల్డరు ఖాళీ. కింద మాత్రం డిస్కు దాదాపు నిండిందని ఎర్ర అక్షరాలు. ఖాళీ బీరువాలో చీర పెట్టబోతే చోటు లేదన్నట్టుంది.

“పాతవి ఏమవుతాయి?”

“రోజూ నాలుగింటికి రికార్డరు ఆ రోజుది మూసేస్తుంది. అది పైనున్న పెద్ద డిస్కుకి వెళ్లిపోతుంది, ఇక్కడ కొత్తది మొదలవుతుంది. నిన్న నాలుగింటికి మొదలైనదే పోయింది మేడం. సార్ పోయింది ఆ తర్వాతే కదా.”

“రికార్డరు ఇప్పుడు ఆగిపోయి ఉందా?”

“లేదు మేడం, అదిగో పచ్చ దీపం. ఒక్క క్షణం కూడా ఆగలేదు.”

“మరి దేంట్లోకి రాస్తోంది?”

జవాబు ఐటీ హెడ్ ఇచ్చాడు.

“ఏదో తికమక పడుతోందిలెండి. వాడుకలో ఉన్న ఫైలును ఏ కంప్యూటరూ చెరపనివ్వదు కదా. చెరిగిందంటే దాన్ని ఎవరూ పట్టుకుని లేరన్నట్టే. పోయింది పోయినట్టే.”

సబబుగానే ఉంది. అయినా డిటెక్టివ్ ఆ ఎర్ర అక్షరాల మీంచి చూపు తిప్పుకోలేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ ఇద్దరు మనుషుల్ని, రెండు అట్టపెట్టెల్ని వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు. ఒకప్పుడు డిటెక్టివ్ దగ్గరే పని నేర్చుకున్నాడు. కేసులు వచ్చిన రోజే మూసేస్తాడని ఇప్పుడతనికి పేరు.

“అక్కా! నత్త నాకంటే ముందే చేరిపోయిందే!”

“నువ్వు వెళ్లి మళ్లీ వచ్చేలోపు నేను ఒకసారి వస్తాను తమ్ముడూ.”

“ఈ డబ్బా ల్యాబుకి వెళుతోంది. ప్లగ్గు పీకండ్రా.”

ఒకతను వంగాడు. డిటెక్టివ్ వెళ్లి ప్లగ్గుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

“లేవండి అక్కా.”

“ఇది నిండుగా ఉన్నానంటోంది. లోపల ఏమీ లేదు. రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయో తెలిసేదాకా దీన్ని ఆపకు.”

“కంప్యూటరు. పాడైంది. అబద్ధం చెబుతోంది.”

“పొద్దున నువ్వు ఆ పిల్లని పట్టుకున్నది కంప్యూటరు మాట నమ్మేగా? అప్పుడు నిజం చెప్పి, ఇప్పుడు అబద్ధం చెబుతోందా?”

వంగినతను నవ్వాపుకోలేక దగ్గాడు. ఇన్‌స్పెక్టర్ అతనికేసి ఒక చూపు చూశాడు.

“మీకేం కావాలి?”

“ఆ పిల్ల కావాలి.”

“బాగుంది! చంపినదాన్నే తీసుకొచ్చి సాక్ష్యం ముందు కూర్చోబెట్టాలా?”

“ముట్టుకోదు. నిలబడి చెబుతుంది, నేను కొడతాను.”

“మీరు టైపు కొట్టేసరికి నేను రిటైరైపోతాను.”

“కోర్టులో లాయరు అడుగుతాడు, నిండిన డిస్కును ఎందుకు చూడలేదని. అప్పుడు నన్ను సాక్షిగా పిలుస్తాడు. నేను వెళతాను.”

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. అతను ఓడిపోయినప్పుడు చేసే పని అది. ఆవిడకి తెలుసు.

“జీపు నిండా పెట్టెలున్నాయి, ఇప్పుడు పంపలేను” అని గొణిగాడు.

“నా కారుందండీ” అన్నాడు ఐటీ హెడ్. “నేనే వెళ్లి తీసుకొస్తాను. మీ మహిళా కానిస్టేబుల్ని తోడివ్వండి చాలు. పాపం, నా కూతురి వయసు పిల్ల.”

ఇన్‌స్పెక్టర్ స్టేషనుకి ఫోన్ చేసి చెప్పాడు. ఐటీ హెడ్ మెట్లెక్కి వెళ్లిపోయాడు.

*

“కంగారేం లేదు మేడం” అన్నాడు మూడోకన్ను, గడియారం చూస్తూ. ఐటీ హెడ్ వెళ్లి చాలాసేపైంది. “వాళ్లు ఆలస్యమైనా నాలుగింటికి ఇది దానంతటదే బాగుపడిపోతుంది. రికార్డరు ఒకసారి ఆగి మొదలవుతుంది కదా, ఎర్ర అక్షరాలు పోతాయి.”

డిటెక్టివ్ అతనివైపు తిరిగింది. ఆ మాటలో ఏముందో ఆవిడకి తెలియదు. కానీ నాలుగింటికి పోయేది నాలుగింటి దాకా ఉన్నట్టే. కానిస్టేబులు నంబరుకి ఫోన్ చేసింది.

ఎత్తింది అమ్మాయి. “చెప్పండి మేడం. దారిలో ఉన్నాం. కానిస్టేబుల్ గారు ఫోన్ నాకిచ్చారు. హెడ్ సార్ తను కూడా వినాలని స్పీకర్లో పెట్టించారు.”

“ఫోల్డరు ఖాళీ. డిస్కు నిండింది. పచ్చ దీపం వెలుగుతోంది. దీని అర్థమేంటి?”

కారు వెళుతున్న హోరు మాత్రం వినిపించింది.

“మేడం.” అమ్మాయి గొంతు మారిపోయింది. “అది ఉంది. రికార్డింగు ఉంది!”

ఇన్‌స్పెక్టర్ బల్ల దగ్గరికి వచ్చాడు.

“ఫైలు వేరు మేడం, దాని పేరు వేరు. ఫోల్డరులో ఉండేది పేరే. లైనక్సులో చెరిపితే ముందు పోయేది పేరు. ఫైలును ఏ ప్రాసెసైనా తెరిచి పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా కెర్నెల్ ఆ ఫైలును తీసేయదు. కెర్నెల్ అంటే సిస్టమ్ గుండెకాయ, ఎవరు దేన్ని పట్టుకున్నారో అదే చూసుకుంటుంది. రికార్డరు నిన్నట్నుంచీ ఆ ఫైలును వదల్లేదు. పేరు లేకపోయినా దాంట్లోకే రాస్తోంది. అందుకే చోటు నిండింది.”

“నాలుగింటికి రికార్డరు ఆగితే?”

“వదిలేస్తుంది. ప్లగ్గు పీకినా అంతే. ఇక ఎవరూ దాన్ని నమ్మకంగా తీయలేరు.”

ఇన్‌స్పెక్టర్ ప్లగ్గుకేసి చూశాడు. తర్వాత తన మనిషితో మెల్లగా, “ఆ పక్కకెళ్లి నిలబడరా. ఎవరూ దాని దగ్గరికి రాకూడదు. నేను కూడా” అన్నాడు.

“అలా ఎలా ఉంటుందండీ?” ఫోనులో ఐటీ హెడ్ గొంతు, పక్కనుంచి, సన్నగా. “చెరిపితే పోవాలి కదా.”

“మొదటిరోజు నేనూ అదే అడిగాను సార్” అంది అమ్మాయి. “కొత్తగా చేరిన ప్రతివాళ్ల చేతా మా ఇంజినీరు సార్ చేయించే పని ఇదే. ఒక విండోలో ఫైలు తెరవమంటారు, ఇంకో విండోలో చెరపమంటారు, మళ్లీ మొదటిదాంట్లో చదవమంటారు. చదివితే వస్తుంది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లెవరూ ఇలా చెరిపి ఊరుకోరు.”

డిటెక్టివ్ చెయ్యి కీబోర్డు మీద ఆగింది. ఏదో గుర్తుకు రాబోయింది. గోడ గడియారంలో ముల్లు నాలుగుకి చేరువలో ఉంది. ఆవిడ ఆ ఆలోచన వదిలేసింది.

“ఏం కొట్టాలి?”

“నల్లతెర తెరవండి. దాన్ని షెల్ అంటాం. మీరు ఏం కొడితే అది సిస్టమ్‌కి చేరవేస్తుంది. ఎల్, ఎస్, ఓ, ఎఫ్. చిన్నక్షరాలే. ఏ ప్రాసెస్ ఏ ఫైలును పట్టుకుందో అది చూపిస్తుంది.”

ఆవిడ ఒక్కో అక్షరాన్నీ ఒక్కో వేలితో వెతికి కొట్టింది. “ఎల్లు అక్కడ అక్కా, అక్కడ!” అని ఇన్‌స్పెక్టర్ చూపించాడు. ఆవిడ అతని వేలును పక్కకి తోసింది.

తెర నిండా వరసలు పారాయి. చివర్లో ఒకచోట డిలీటెడ్ అని ఉంది. ఆ వరసలో రికార్డరు నంబరు, ఫైలు నంబరు, దాని పరిమాణం ఉన్నాయి. డిటెక్టివ్ మూడూ చదివింది.

“చాలా పెద్దది మేడం, అదే!” అంది అమ్మాయి. “దాన్ని వేరే డిస్కులోకి కాపీ చేయాలి. ఇక్కడ చోటు లేదు.”

ఇన్‌స్పెక్టర్ అట్టపెట్టెలోంచి ల్యాబు కోసం తెచ్చిన కొత్త డిస్కు తీసి, తనే తగిలించాడు.

“రూట్ అక్కర్లేదా?” అంది డిటెక్టివ్.

“అక్కర్లేదు. రికార్డరు నడిచే ఖాతాతోనే గార్డు గారు లోపలున్నారు. తన ప్రాసెస్ పట్టుకున్నది తను చూసుకోవచ్చు. నాలుగింటికి ఆగడం ఆపాలంటే మాత్రం రూట్ కావాలి. అంత టైమ్ లేదు. కొట్టండి.”

అమ్మాయి చెప్పిన వరసను కొట్టింది. ఒక గీత తప్పింది. తెర ఒప్పుకోలేదు. మళ్లీ కొట్టింది. ఈసారి కింద ఏమీ రాలేదు, ఖాళీ గీత మిణుకుమంటూ ఉండిపోయింది.

“ఏమీ అనడం లేదు.”

“అనదు మేడం. పని జరుగుతుంటే నోరెత్తదు.”

“మా డిపార్ట్‌మెంటులో ఒక్కడూ ఇలా లేడు” అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఎవరూ నవ్వలేదు.

తగిలించిన డిస్కు దీపం కొట్టుకుంటూ ఉంది. గడియారం కేసి చూడకూడదని ముగ్గురూ దాన్నే చూస్తున్నారు. మూడోకన్ను పెదవులు కదులుతున్నాయి. దీపం కొట్టుకోవడం ఆగింది. నల్లతెర మీద కొత్త గీత వచ్చింది.

ఊపిరి తీసుకునే లోపే రికార్డరు పచ్చ దీపం ఆరిపోయి, మళ్లీ వెలిగింది. కింద ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి. డిస్కులో కావలసినంత చోటు ఉందని వచ్చింది.

“పోయిందా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“అక్కడ పోయింది.” డిటెక్టివ్ అతను తగిలించిన డిస్కు మీద చెయ్యి వేసింది. “ఇక్కడుంది.”

“వచ్చిందా మేడం?” ఫోనులో అమ్మాయి.

“చూస్తున్నాం.”

మూడోకన్ను కాపీని తెరిచి ముందుకు జరుపుకుంటూ వెళ్లాడు. ఖాళీ వరండా. తుడిచే మనిషి. ఖాళీ వరండా. సీనియర్ ఇంజినీరు ఫైలు చంకలో పెట్టుకుని సర్వర్ రూములోకి వెళ్లాడు. తలుపు మూసుకుంది. కాసేపటికి మెట్ల వైపు నుంచి ఒక మనిషి వచ్చి తలుపు ముందు ఆగాడు. తలుపును ఒకసారి లాగి చూశాడు. బిగిసే ఉంది.

అద్దం బిళ్ల వెనక ఒక మొహం కనిపించింది. తెలిసిన మనిషిని చూసి నవ్వింది. తలుపు రావట్లేదన్నట్టు చెయ్యి ఊపింది.

బయట మనిషి కూడా తల ఊపాడు. ఎడంచెయ్యి చాపి లివరు లాగాడు. పొగమంచులా తెల్లగా గ్యాసు దిగింది. అద్దానికి అరచెయ్యి ఆనింది. బయట మనిషి కదలకుండా ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. అది జారిపోయాక, జేబురుమాలుతో లివరు తుడిచి వెనక్కి తిరిగాడు.

మడత నలగని తెల్లచొక్కా.

*వాడుకలో ఉన్న ఫైలును ఏ కంప్యూటరూ చెరపనివ్వదు కదా.* ఇందాక గుర్తుకు రాబోయింది ఐటీ హెడ్ అన్న ఆ మాటే. తను నేర్చుకున్న కంప్యూటర్ల లెక్క ప్రకారం చెరిపి, చెరిగింది కాబట్టి నిశ్చింతగా వెళ్లిపోయాడు. ఇందాక కారులోంచి ఇంకోసారి అదే అడిగాడు.

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. డిటెక్టివ్ అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుని, ఫోనుకేసి చూపించింది.

“మేడం? ఎవరు కనిపిస్తున్నారు?”

కారు హోరు. ఆ పక్కనే ఒక మనిషి వింటున్నాడు.

“ఏమీ లేదమ్మా” అంది డిటెక్టివ్. “ఖాళీ ఫైలు. ఒక్క బొమ్మా లేదు.”

ఆ ఫైలు ఎంతుందో ఇందాక తనే చదివి వినిపించింది. అంత పెద్దది ఖాళీగా ఉండదని గదిలో మూడోకన్నుకి కూడా తెలుసు. ఆ పిల్లకి తెలియకపోవడమేమిటి?

“అవునా మేడం?” అంది అమ్మాయి, చాలా మామూలుగా. “ఒక్కోసారి అలా అవుతుంది.”

పిల్లకి అర్థమైంది. డిటెక్టివ్ కళ్లు ఒక్క క్షణం మూసుకుంది.

“కానిస్టేబుల్ గారికి ఒకసారి ఫోనియ్యి.”

జవాబు అమ్మాయి ఇవ్వలేదు. మెత్తని గొంతు వచ్చింది.

“ఆవిడ మంచినీళ్ల సీసా కొంటానని దుకాణం దగ్గర దిగారండీ. వెనక హారన్లు కొడుతుంటే మేం కాస్త ముందుకొచ్చేశాం. పరవాలేదు, నేనున్నాను కదా.”

ఫోను పిల్ల దగ్గర, కానిస్టేబులు రోడ్డు మీద. ఇన్‌స్పెక్టర్ టోపీ బల్ల మీదే వదిలేసి మెట్లవైపు పరిగెత్తాడు. సగం మెట్ల మీంచి వాకీటాకీలో అతని అరుపు వినిపించింది. ఏ దారి, ఏ దారి అని అటువాళ్లు అడుగుతున్నారు.

“సార్” అంది ఫోనులో అమ్మాయి. “ఆసుపత్రి కుడివైపు కదా? ఇది రైలు వంతెన కింద దారి. ముందంతా మూసేసిన గోడౌన్లే ఉంటాయి.”

మూడోకన్ను విన్నాడు. ఎవరూ చెప్పకుండానే లేచి, “రైలు వంతెన కింద! గోడౌన్ల దారి!” అని కేకవేస్తూ మెట్లెక్కాడు.

“ఇక ఫోన్ పెట్టేయమ్మా. పనైపోయింది కదా” అన్నాడు ఐటీ హెడ్. గొంతు ఇంకా మెత్తగానే ఉంది.

డిటెక్టివ్ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

“అవలేదండీ, ఇక్కడ తెర మీద ఏదో వచ్చింది” అంది. “మీ పేరు లాంటిదే ఏదో ఉంది, నాకు చదవడం రావట్లేదు. అమ్మాయ్, తర్వాత ఏం కొట్టాలో చెప్పు.”

కారు వేగం తగ్గిన చప్పుడు. ఐటీ హెడ్ ఇక ఫోన్ పెట్టేయమనలేదు. వినాలనుకుంటున్నాడు.

“చెబుతాను మేడం” అంది అమ్మాయి. “ఒక్కో అక్షరమే చెబుతాను. మీరు మెల్లగా కొట్టండి. ఫోన్ మాత్రం పెట్టేయకండి.”

“పెట్టను” అంది నత్త. “మొదటి అక్షరం చెప్పు.”